టెక్ సందేహాలు: ఇంజిన్ ఆపాక పెట్రోల్ వాసన

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాం. ముచ్చటపడి 1981 నాటి షెవ్రొలే సీ10 పికప్ కొన్నాను. కార్బురేటర్ బండి. ఎండలో తిప్పి గరాజ్‌లో పెట్టిన పది నిమిషాలకు వాసన వంటింటి దాకా వస్తోంది. ఎక్కడా చుక్క కూడా కారడం లేదు. కార్బురేటర్ దగ్గర ఒక రబ్బరు గొట్టం ఊరికే వేలాడుతోంది. దాని మూతికి బోల్టు దూర్చి బిగించమంటున్నాడు ఫ్రెండు. బిగించనా, చిన్న ఫిల్టర్ పెట్టనా?

జవాబు: రెండూ వద్దు. ముందు బండిని బయట పెట్టండి. అక్కడి ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ చాలాసార్లు గరాజ్‌లోనే ఉంటుంది. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేల మీదే పాకుతుంది. హీటర్ మంట దాకా చేరిందంటే మంటలు లేచిపోతాయి.

వారమంతా ఫోన్ బ్యాటరీల ప్రశ్నలే చదివిన నాకు ఈ ఉత్తరం చూశాక, చేతక్‌ని పక్కకు వంచి కిక్ కొట్టిన రోజులు గుర్తొచ్చాయి. సరే, విషయానికొద్దాం.

పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది కార్బురేటర్. అందులో పెట్రోల్ నిలిచే గిన్నెను బౌల్ అంటారు. బండి ఆపగానే ఫ్యాను ఆగుతుంది, కొత్త పెట్రోల్ రాదు, కింద ఇంజిన్ వేడంతా పైకి ఎక్కుతుంది. బౌల్‌లో ఉన్నది మరగడం మొదలవుతుంది. 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే ఇంకా తొందరగా ఆవిరవుతుంది. ఆ ఆవిరిని బొగ్గు నింపిన నల్ల డబ్బాలోకి, అంటే చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి, పంపాల్సిన గొట్టమే మీకు వేలాడుతున్నది అయ్యుంటుంది. అమెరికాలో 1971 మోడల్ కార్ల నుంచే ఈ ఏర్పాటు ఉంది. బొగ్గు పట్టి ఉంచిన ఆవిరిని, ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ గొట్టం అనే ఇంకో గొట్టం ద్వారా లాగేసుకుని కాల్చేస్తుంది.

గొట్టం మూస్తే ఆవిరి బౌల్ లోపలి గాలి రంధ్రం (వెంట్) గుండా ఎయిర్ క్లీనర్‌లోకి చేరి, దాని మూతిలోంచి మళ్లీ గరాజ్‌లోకే వస్తుంది. వేడి మీద స్టార్ట్ అవ్వక సతాయించడం అదనం. ఇక ఫిల్టర్ ఆపేది దుమ్మునే, ఆవిరిని కాదు.

హుడ్ కింద గొట్టాల బొమ్మతో స్టిక్కర్ ఉంటే దాని ప్రకారం కలపండి. పెట్రోల్‌కి తట్టుకునే గొట్టమే వాడండి. మధ్యలో ఊయలలా వేలాడనివ్వొద్దు, ఆ వంపులో పెట్రోల్ నిలిచి దారి మూసుకుంటుంది. క్యానిస్టర్‌ను పాత ఓనరే పీకేసి ఉండొచ్చు, చూడండి. ఉన్నా, ఊపితే లోపల తడి చప్పుడైతే మార్చాల్సిందే. అప్పుడు కార్బురేటర్‌లో నీడిల్, ఫ్లోట్ (బౌల్ నిండగానే పెట్రోల్‌ని ఆపేవి) కూడా చూపించండి, బౌల్ పొంగుతూ ఉండొచ్చు. ఇంజిన్ వేడెక్కాక కాస్త రెయిజ్ చేసి పర్జ్ గొట్టం చివర వేలు పెడితే లాగుతున్నట్టు తెలియాలి. లాగకపోతే ఎంత కొత్త క్యానిస్టర్ అయినా నిండిపోయి మళ్లీ వాసనే.

ట్యాంకు మూత కూడా ఆ మోడల్‌కి చెప్పిందే పెట్టండి. గాలి వదిలే పాతరకం మూత అయితే ట్యాంకు ఆవిరి అక్కడి నుంచే బయటపడుతుంది.