వారమంతా బాక్స్, ఆదివారం బ్యాక్‌రెస్ట్

ప్రశ్న: అన్నా నమస్తే. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 బైకు, సెలెస్టియల్ మోడలు, వెనక కూర్చున్నోళ్ల వీపుకి ఆనుకునే బ్యాక్‌రెస్ట్ కంపెనీ నుంచే వచ్చింది. సోమవారం తెల్లారకముందే ఒక్కణ్ణే బెంగళూరు పోతా, శుక్రవారం రాత్రికి తిరిగొస్తా, లగేజీ ఉంటుంది. ఆదివారమైతే మా ఆవిడ ఎక్కుతుంది, కొండకో కాణిపాకానికో. సీటు వెనక తాళం పడే లగేజీ పెట్టె, అదే టాప్ బాక్స్, పెట్టిద్దామని పోతే మెకానిక్ ఏమో బ్యాక్‌రెస్ట్ ఇప్పేసి ఆ బోల్టులకే రాక్ కడతా, కావాల్సినప్పుడు మళ్లా మార్చుకో అంటా ఉన్నాడు. వారం వారం ఇట్ల ఇప్పి బిగిస్తే బండికేమైనా అవుతుందా? బాక్స్ ముందర కుషన్ ఉంటుంది కదా, అదే బ్యాక్‌రెస్ట్ కింద సరిపోదా? — భవానీనగర్, తిరుపతి

జవాబు: అవుతుంది తమ్ముడూ, ఈరోజే కాదు గానీ అవుతుంది. ఆ బోల్టులు నెలకోసారి టైట్‌గా ఉన్నాయా లేదా చూసుకోడానికి ఉన్నాయి, వారానికి రెండుసార్లు ఊడదీయడానికి కాదు. నైలాన్ రింగు ఉన్న నట్టు ఒకట్రెండుసార్లు ఇప్పినాక పట్టు వదిలేస్తుంది, వేలితో తిప్పినా లోపలికి పోతా ఉందంటే దాని పని అయిపోయినట్టే, కొత్తది వేసుకోవాల్సిందే. దానికన్నా పెద్ద తలనొప్పి ఫ్రేము వైపు మర, హడావిడిలో బోల్టు వంకరగా ఎక్కించి పానాతో బలవంతం చేస్తే అది పాడవుతుంది, పది రూపాయల బోల్టు కోసం పోయి లేతు పని దగ్గర తేలుతారు. తప్పక ఇప్పాల్సొస్తే మొదటి నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించండి, బోల్టు వదులు కాకుండా మరకి పూసే జిగురు, లాక్‌టైట్ అంటారు, నీలం రంగుది ఒక చుక్క చాలు, ఎర్రది మాత్రం వాడొద్దు, అది వేడి పెడితే గానీ ఊడదు.

ఇంక కుషన్ సంగతి. ఆ కుషన్ ఉండేది వీపుకు బాక్స్ గట్టిగా తగలకుండా, మనిషి బరువంతా మోయడానికి కాదు. అలిపిరి దాటి పైకెక్కేటప్పుడు వెనక కూర్చున్నోళ్లు ప్రతి మలుపులోనూ, మీరు యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ వెనక్కి జారతారు. ఆ తోపుడంతా బాక్స్ మీద, బాక్స్ లాక్ మీద, రాక్ మీద పడుతుంది. బ్యాక్‌రెస్ట్ అయితే ఇనప కమ్మీ, నేరుగా బండికి బిగించి ఉంటుంది, కథే వేరు. దిగేటప్పుడు మాత్రం రెండూ పనికిరావు, మనిషి మీ మీదకే వస్తుంది, పట్టుకోడానికి హ్యాండిల్ కావాలి. రాక్ కట్టే తొందరలో కొందరు మెకానిక్‌లు ఆ హ్యాండిల్ పీకేస్తారు, ఒప్పుకోకండి. పిలియన్‌కి, అంటే వెనక కూర్చునేవాళ్లకి, పట్టుకునే హ్యాండిల్, కాళ్లకి ఫుట్‌రెస్ట్, బట్ట చక్రంలో చుట్టుకోకుండా శారీ గార్డ్, ఇవన్నీ మోటారు వాహనాల రూల్స్‌లో 123వ రూల్ ప్రకారం ఉండాల్సినవే. అన్నట్టు ఆవిడ చీరలో ఒక పక్కకి కూర్చునేట్టయితే బ్యాక్‌రెస్ట్ వల్ల కూడా పెద్ద లాభం లేదు, భుజానికి అడ్డం తగులుతుందంతే.

అసలు నన్నడిగితే మీకు ఈ మార్చుడే అక్కర్లేదు. బెంగళూరు పోయేది ఒక్కరే కదా, వెనక సీటు ఖాళీ. బ్యాక్‌రెస్ట్ అట్లనే ఉంచి, వాటర్‌ప్రూఫ్ బ్యాగు ఒకటి, 40 లీటర్లది, సీటు మీద పెట్టి బ్యాక్‌రెస్ట్‌కి ఆనించి రెండు బెల్టులతో కట్టేయండి. వెనక్కి జారదు, బరువు కూడా వెనక చక్రం ఇరుసుకి ముందరే ఉంటుంది. టాప్ బాక్స్‌తో ఇబ్బంది ఏమంటే అది ఇరుసుకి వెనక, పైగా ఎత్తులో కూర్చుంటుంది, బరువు పెరిగే కొద్దీ ముందు చక్రం తేలికైపోతుంది, పలమనేరు దాటినాక స్పీడు పెరిగినప్పుడు హ్యాండిల్ సన్నగా ఊగుతా ఉంటే చాలామంది టైరు మీద అనుమానపడతారు, బాక్స్ మీద పడరు. మొగిలి ఘాట్‌లో లారీల పక్కన అట్ల ఊగితే ఏం బాగుంటుంది చెప్పండి. బెల్టు కొసలు మాత్రం వేలాడనీకండి, చుట్టి లోపలికి దోపండి, చైన్‌లోకి పోయిందంటే అంతే.

లేదన్నా, ల్యాప్‌టాప్ ఉంది, టీ తాగే చోట తాళం పడాల్సిందే అంటారా, అప్పుడు బాక్సే రైటు. కానీ కింద బేస్ పర్మనెంట్‌గా ఉండాలి, మారేది పైదే అయ్యుండాలి. హార్లీ డేవిడ్‌సన్ వాళ్ల టూరింగ్ బండ్లలో చేసింది ఇదే, ఫ్రేముకి డాకింగ్ పాయింట్లు, అంటే తగిలించే కొక్కేల్లాంటివి, ఒకసారి బిగించేస్తారు, బ్యాక్‌రెస్ట్ అయినా టూర్‌ప్యాక్ అనే ఆ పెద్ద ట్రంక్ అయినా వాటి మీదికే వచ్చి లాక్ అవుతుంది, పానా పట్టుకోకుండా మార్చుకోవచ్చు. మన బండికీ ప్లేటు మీద క్లిక్‌మని పడే బాక్సులు దొరుకుతాయి. బ్యాక్‌రెస్ట్ తీయకుండా దాని వెనక రాక్ వేసే రకం చూపిస్తే మటుకు బాక్స్ చిన్నది తీసుకోండి, అది ఇంకా వెనక్కి పోతుంది కాబట్టి. రాక్ మీద ఎన్ని కిలోలని రాసుందో చూడండి, అందులో బాక్స్ బరువు కూడా కలిసే ఉంటుంది, 45 లీటర్ల ఖాళీ బాక్సే 4-5 కిలోలు తూగుతుంది. ఫ్రేముకి వెల్డింగ్ పెడతానంటే వద్దనండి.

రూల్ కూడా ఒకటి తెలుసుకోండి. 2020లో సవరించిన దాని ప్రకారం బాక్స్ 550 మిల్లీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు దాటకూడదు. పిలియన్ సీటు జాగాలో పెడితే నడిపేవాళ్లు ఒక్కరే పోవాలి, సీటుకి వెనక పెడితేనే ఇంకో మనిషి ఎక్కొచ్చు. మీరు బెంగళూరు పోయేది ఎట్లాగూ ఒక్కరే.

ప్రశ్న: సార్, మా ట్రంక్‌కి బ్రేక్ లైటు ఉంది. తీసి పెట్టినప్పుడల్లా వైరు లాగి లాగి లూజైపోయింది, ఒక్కోసారి వెలగదు. — గిరింపేట, చిత్తూరు

జవాబు: వైర్లు మెలిపెట్టి టేపు చుట్టినారని నా అనుమానం. వాటర్‌ప్రూఫ్ కప్లర్, అంటే వైర్లు కలిపి విడదీసే ప్లగ్గు, వేయించండి, ఊడదీసేటప్పుడు వైరు కాదు కప్లర్ పట్టుకుని లాగాలి. బండి వైపు వైరు ఒక జానెడు ఎక్స్‌ట్రా వదిలి క్లిప్‌తో కట్టండి. ట్రంక్ లేని రోజుల్లో కప్లర్ నోటికి మూత ఉండాలి, లేదంటే వానాకాలానికి లోపల పచ్చగా చిలుం పడుతుంది, మీ లైటు వెలగకపోడానికి అది కూడా కారణం అయ్యుండొచ్చు. ట్రంక్ ఉన్నా లేకపోయినా బండి సొంత టెయిల్ లైటు, నంబర్ ప్లేటు వెనక నుంచి కనిపించాల్సిందే.

ప్రశ్న: అలిపిరిలో చెకింగ్‌కి టాప్ బాక్స్ కూడా ఇప్పించాలా? — రేణిగుంట

జవాబు: బాక్స్ తెరిచి చూపించాలి, లగేజీ స్కానింగ్‌కి పోతుంది. అందుకే సామాన్లు విడివిడిగా పోయకుండా బాక్స్‌లో పట్టే బ్యాగు ఒకటి పెట్టుకుంటే ఒక్కసారి ఎత్తి స్కానర్ మీద పెట్టేయొచ్చు, వెనక క్యూలో ఉన్నోళ్లు హారన్ కొట్టరు. సిగరెట్ ప్యాకెట్, గుట్కా లాంటివి ఏ మూలన్నా మర్చిపోయి ఉంటాయేమో ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి, పైకి రానీరు.