కెనడా వెళ్తున్నాం, ఉద్యోగం ఇంకా లేదు… ఫ్లాట్ అమ్మేయాలా?

ప్రశ్న: మాది నిజాంపేట. నాకు 35 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 11 ఏళ్ల అనుభవం ఉంది. నా భార్య బీఫార్మసీ చదివి ఒక హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తోంది. పాపకు నాలుగేళ్లు. కెనడా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చింది, మూడు నెలల్లో టొరంటో వెళ్తున్నాం. అక్కడ ఉద్యోగం ఇంకా కుదరలేదు. ఎఫ్‌డీల్లో నా పేరు మీద 8 లక్షలు, నా భార్య పేరు మీద 6 లక్షలు ఉన్నాయి. మ్యూచువల్ ఫండ్స్‌లో 11 లక్షలు, పీఎఫ్‌లో 9 లక్షలు. 10 లక్షల చిట్టీలో 40 నెలలకు 26 నెలలు కట్టాను, ఇంకా పాడుకోలేదు. ఫ్లాట్ మీద 28 లక్షల లోన్ ఉంది, ఈఎంఐ 29 వేలు. అమ్మానాన్న మాతోనే ఉంటారు. నాన్నకు షుగర్. ఇద్దరూ నా ఆఫీస్ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. ఫ్లాట్ అమ్మేసి డబ్బంతా పట్టుకెళ్లమని మామయ్య అంటున్నారు. టొరంటో పక్కనే బ్రాంప్టన్‌లో ఉన్న ఫ్రెండ్ ఆరు నెలల అద్దె అడ్వాన్స్ ఇస్తే ఒక ఇంటి బేస్‌మెంట్ (కింది అంతస్తు వాటా) ఇప్పిస్తానంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఫ్లాట్ అమ్మకండి. కనీసం ఏడాది దాకా ఆ మాటే ఎత్తకండి.

మీ మామయ్యగారి మాటలోనూ కొంత నిజం ఉంది. మీరు ఎన్నారై అయ్యాక ఇల్లు అమ్మితే కొనేవాళ్లు ముందే కోసే పన్ను (టీడీఎస్) ఇప్పుడున్నట్టు 1 శాతం ఉండదు. ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, లాభం మీద కాకుండా మొత్తం అమ్మకం ధర మీదే 12.5 శాతానికి పైగా కోస్తారు. రిటర్న్ వేస్తే ఎక్కువైనది వెనక్కి వస్తుంది కానీ, అంతదాకా డబ్బు ఇరుక్కుపోతుంది. అయినా నా సలహా మారదు. ఆ ఇంట్లో మీ అమ్మానాన్న ఉంటున్నారు. వాళ్లను అద్దె ఇంటికి మారిస్తే ఈఎంఐలో చాలా భాగం అద్దెకే పోతుంది. కొడుకు, కోడలు, మనవరాలు ఒకేసారి దూరమవుతున్న ఏడాదిలో, తెలిసిన డాక్టరుకీ తెలిసిన వీధికీ కూడా వాళ్లను దూరం చేయడం సరి కాదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. 'ఎన్ని లక్షలు' అని కాకుండా 'ఎన్ని నెలలు' అని లెక్క వేయండి. మీరు తీసుకెళ్లే డబ్బుతో అక్కడ ముఖ్యంగా కొనేది సమయం. సరైన ఉద్యోగం దొరికేదాకా తొందరపడి తప్పు నిర్ణయం తీసుకోకుండా ఆగగలిగే సమయం. కెనడా పీఆర్ ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ముగ్గురి కుటుంబం చూపించాల్సిన సొమ్మును 2025 జూలైలో 23,360 కెనడా డాలర్లుగా పెట్టారు. బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు చిన్న బేస్‌మెంట్ అద్దె, సరుకులు, బస్సు పాసులు, ఫోన్లు, పాప ఖర్చు అన్నీ కలిపి నేను నెలకు 3,500 డాలర్లు వేస్తాను. ఆ లెక్కన పైమొత్తం ఆరున్నర నెలలకే సరిపోతుంది. మీ ఇద్దరికీ అక్కడి అనుభవం లేదు కాబట్టి ఎనిమిది నెలలు పెట్టుకోండి. అంటే 28,000 డాలర్లు. దిగగానే పరుపులు, చలికోట్లు, ఇంటి డిపాజిట్ వగైరాలకు మరో 4,000. డాలరు 65 రూపాయలు అనుకుంటే మొత్తం 20.8 లక్షలు. ఎఫ్‌డీల 14 లక్షలు, ఫండ్స్ నుంచి 7 లక్షలు తీస్తే సరిపోతుంది. ఈక్విటీ ఫండ్స్‌లో ఏడాది దాటిన వాటి లాభం 1.25 లక్షలు మించితే, మించిన దాని మీద 12.5 శాతం పన్ను పడుతుందని గుర్తుంచుకోండి. ఈ మూడు నెలల జీతాల్లో మిగిలేది టికెట్లకు, మీ భార్య పరీక్ష ఫీజులకు ఉంచండి.

డబ్బు పంపేటప్పుడు ఒక జాగ్రత్త. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద విదేశాలకు పంపే మొత్తం 10 లక్షలు దాటితే, దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. 2025 ఏప్రిల్ 1కి ముందు ఈ పరిమితి 7 లక్షలు. టీసీఎస్ పోయే డబ్బేమీ కాదు, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. కానీ మీకు ప్రతి రూపాయీ అవసరమైన సమయంలో అది ఇరుక్కుంటుంది. కాబట్టి మీ ఖాతా నుంచి 4 లక్షలు ముందే మీ భార్య ఖాతాకు మార్చండి. ఇద్దరూ 10 లక్షల చొప్పున పంపండి. మిగిలిన 80 వేలు ఇక్కడే ఉండనివ్వండి, అవసరమైతే తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు చిట్టీ. మీ ఉత్తరంలో చిట్టీ విషయం మధ్యలో ఒక్క వాక్యంలో తేల్చేశారు కానీ, నా దృష్టిలో మీ ప్లాన్ మొత్తానికి అదే ఆధారం. దాన్ని ఇప్పుడే పాడుకోండి. చిట్టీ చివరికొచ్చింది కాబట్టి పాట మీద పెద్దగా నష్టపోరు. అంతకంటే ముఖ్యం జామీన్లు. చిట్టీ పాడుకున్నవాళ్లను జీతం స్లిప్పులు, జామీనుదారులు అడుగుతారు. ఇవాళ మీకు ఉద్యోగం ఉంది, పక్క సీటు మిత్రుడు సంతకం పెడతాడు. రాజీనామా ఇచ్చి విమానం ఎక్కాక టొరంటో నుంచి జామీనుదారులను వెతకడం నరకం. చేతికి 9 లక్షలు వచ్చాయనుకోండి. ఇంకా కట్టాల్సిన వాయిదాలు మహా అయితే 3.5 లక్షలు, దాన్ని విడిగా ఎఫ్‌డీ చేసి ముట్టుకోకండి. మిగతా 5.5 లక్షల్లో ఏడాది ఈఎంఐలకు 3.48 లక్షలు పోతాయి. ఇంకా 2 లక్షలు ఉంటాయి. అవి దేనికో కింద చెబుతాను. ఇలా చేస్తే అక్కడి ఎనిమిది నెలల డబ్బులోంచి ఇక్కడి ఈఎంఐకి ఒక్క డాలరు కూడా వెనక్కి పంపక్కర్లేదు.

ఫండ్స్‌లో మిగిలిన 4 లక్షలను కూడా వెళ్లేముందే తీసి, మీ నాన్నగారికి బహుమతిగా ఇచ్చి, అమ్మగారితో జాయింటుగా సీనియర్ సిటిజన్ ఎఫ్‌డీ చేయించండి. తల్లిదండ్రులకు ఇచ్చే బహుమతి మీద వాళ్లకు పన్ను లేదు. కెనడాలో ఉండేవాళ్ల నుంచి డబ్బు తీసుకోని ఫండ్ సంస్థలు కొన్ని ఉన్నాయి కాబట్టి, ఆ చిక్కు కూడా ఉండదు. పీఎఫ్‌ను మాత్రం ఇప్పుడే కదిలించకండి. అది చిట్టచివరి అండ. కాకపోతే వెళ్లేముందు పేరు, ఆధార్, పాన్, నామినీ సరిగ్గా ఉన్నాయో చూసుకుని, ఉద్యోగం మానేసిన తేదీ కంపెనీ చేత నమోదు చేయించండి.

నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే భయం కలిగించింది మీ నాన్నగారి ఇన్సూరెన్స్. మీ ఆఖరి పనిరోజుతో ఆఫీస్ పాలసీ ముగుస్తుంది. అంటే మీరు ఎయిర్‌పోర్టులో ఉండే సమయానికి షుగర్ ఉన్న మనిషికి ఏ కవరేజీ ఉండదు. గ్రూప్ పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉంటుంది. అలా మారితే ఇన్నేళ్లు పాలసీలో ఉన్న కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో (పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని మొదటి కాలం) లెక్కలోకి తీసుకుంటారు. కానీ అది మీరు అడిగితేనే జరుగుతుంది, అదీ పాలసీ బతికుండగానే. రాజీనామా మెయిల్ పంపకముందే హెచ్‌ఆర్‌ని, ఇన్సూరెన్స్ కంపెనీని లిఖితపూర్వకంగా అడగండి. కుదరకపోతే ఇద్దరికీ కొత్త పాలసీ వెంటనే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ ఇప్పుడు 3 ఏళ్లకు మించకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. షుగర్ సంగతి దాచిపెట్టి పాలసీ తీసుకోమని ఏ ఏజెంట్ చెప్పినా వినకండి, క్లెయిమ్ రోజున అదే గొంతు పట్టుకుంటుంది. చిట్టీలో మిగిలిన 2 లక్షలు ఈ ప్రీమియం కోసమే.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. స్థిరపడటానికి దేశం వదిలిన రోజు నుంచే విదేశీ మారక చట్టం (ఫెమా) ప్రకారం మీరు నాన్-రెసిడెంట్. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా (ఎన్నారైల ఇండియా డబ్బు ఉంచే ఖాతా) మార్పించండి, ఈఎంఐ దాన్నుంచే పోనివ్వండి. అక్కడి జీతం పంపడం మొదలయ్యాక ఎన్నారీ (ఎన్ఆర్ఈ, విదేశీ సంపాదన ఉంచే) ఖాతా తెరవండి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. టర్మ్ పాలసీ ఉంటే ఆపకండి, వెళ్తున్నట్టు కంపెనీకి తెలియజేయండి. ఫ్లాట్ పనుల కోసం నాన్నగారి పేర స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడే రిజిస్టర్ చేయించండి. అక్కడికి వెళ్లాక అయితే భారత కాన్సులేట్‌లో అటెస్టేషన్, ఆ కాగితం ఇండియా చేరాక మూడు నెలల్లోపు స్టాంప్ డ్యూటీ, ఇదంతా అనవసర ప్రయాస. మీ ఇండియా ఫోన్ నంబరును రోమింగ్‌తో బతికించుకోండి. ఓటీపీ రాకపోతే బ్యాంకు, పీఎఫ్, ఆధార్ అన్నీ ఒకేసారి మూసుకుపోతాయి.

పెళ్లి నగల్లో కొన్ని ఇప్పుడు, కొన్ని తర్వాత తీసుకెళ్లాలనుకుంటే ఫొటోలు, విలువలతో జాబితా చేసి, దిగినరోజే కెనడా కస్టమ్స్‌కు ఇవ్వండి. తర్వాత వచ్చే వస్తువుల జాబితాలో లేని నగలకు సుంకం అడగవచ్చు. 10,000 డాలర్లు గానీ అంతకు మించి గానీ నగదు, డ్రాఫ్టుల రూపంలో వెంట ఉంటే అది కూడా తప్పనిసరిగా చెప్పాలి. దిగినరోజు మీ ఆస్తుల విలువలు ఒక కాగితం మీద రాసి దాచండి. ఆ తర్వాత ఎప్పుడైనా అమ్మితే, అక్కడి పన్నుకు సాధారణంగా ఆ రోజు విలువనే కొన్న ధరగా చూస్తారు.

మీ ఫ్రెండ్ సంగతి. ఆయన మోసం చేస్తున్నారని నేను అనట్లేదు, బహుశా సాయం చేయాలనే చూస్తున్నారు. కానీ టొరంటో, బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్ర చట్టం ప్రకారం ఇంటి యజమాని డిపాజిట్‌గా అడగగలిగేది చివరి నెల అద్దె మాత్రమే, అదీ ఒక నెలకు మించకూడదు. గోడలు పాడవుతాయని డ్యామేజీ డిపాజిట్ తీసుకోవడం కూడా కుదరదు. నెలకు 1,700 అనుకుంటే ఆరు నెలలకు 10,200 డాలర్లు. మీరు పట్టుకెళ్తున్న డబ్బులో దాదాపు మూడో వంతు, కళ్లతో చూడని ఇంటికి! ఉద్యోగం, క్రెడిట్ స్కోర్ లేని కొత్తవాళ్లకు ఇల్లు దొరకడం కష్టమే, అది నిజం. అందుకే మొదటి రెండు వారాలు ఆ ఫ్రెండ్ ఇంట్లో ఉండండి, సరుకులు మీరే కొనండి. బ్యాంకు బ్యాలెన్స్ కాగితం పట్టుకుని ఇళ్లు తిరిగి చూడండి. 2018 నుంచి అక్కడ అద్దె ఒప్పందానికి ప్రభుత్వమే ఒక నమూనా పెట్టింది, దాని మీదే సంతకం చేయండి. బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ వాటా సిటీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, అది అడగండి. పాప పడుకునే గది కదా.

సలహాలు అడిగేటప్పుడు గత రెండేళ్లలో వెళ్లినవాళ్లను అడగండి. పదిహేనేళ్ల కిందట వెళ్లినవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు కానీ, వాళ్లు చూసిన అద్దెలు, ఉద్యోగాలు వేరు. గుడిలో, ఉగాది వేడుకల్లో, బతుకమ్మ దగ్గర మనవాళ్లు తప్పక కలుస్తారు. ఆ పరిచయాలు డబ్బుతో కొనలేనివి, కాబట్టి వాటిలోకి డబ్బు రానివ్వకండి. మొదటి ఏడాది అప్పులు, చేబదుళ్లు, అక్కడి మనవాళ్ల చిట్టీలు, 'మంచి బిజినెస్ అవకాశం' అని కాఫీకి పిలిచేవాళ్లు, అన్నిటికీ దణ్ణం పెట్టండి. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగేవాళ్లకు అసలే ఇవ్వకండి. పీఆర్ ఉన్నవాళ్లకు రెజ్యూమె దిద్దడం, ఇంటర్వ్యూ సాధన, ఇంగ్లిష్ తరగతుల వంటి సేవలు ప్రభుత్వ నిధులతో ఉచితంగా దొరుకుతాయి. టొరంటో ప్రాంతంలో యాక్సెస్ ఎంప్లాయ్‌మెంట్ లాంటి సంస్థలు ఈ పనే చేస్తాయి. ఏది ఎక్కడ ఉందో తెలియకపోతే అక్కడి సమాచార సేవ 211కి ఫోన్ చేయండి.

మీ భార్య విషయంలో తొందరగా మేలుకోండి. ఫార్మసిస్టు అక్కడ లైసెన్సు ఉండాల్సిన వృత్తి. పీఈబీసీ అనే బోర్డు ముందు సర్టిఫికెట్లు పరిశీలిస్తుంది, తర్వాత పరీక్షలు. అన్నీ కలిపి కొన్ని వేల డాలర్ల ఖర్చు, ఏడాదికి పైగా సమయం. ట్రాన్‌స్క్రిప్టుల కోసం యూనివర్సిటీ చుట్టూ ఇప్పుడు తిరగడం ఒక రోజు పని. అక్కడికి వెళ్లాక అదే పని ఎవరినో బతిమాలుకోవాలి. లైసెన్సు వచ్చేలోపు ఫార్మసీ అసిస్టెంటుగా పనిచేయవచ్చు, దానికి లైసెన్సు అక్కర్లేదు.

మీకు నాలుగో నెల చివరికి మీ రంగంలో ఉద్యోగం రాకపోతే, ఏ పని దొరికితే ఆ పనిలో చేరండి. ఒంటారియోలో 2025 అక్టోబర్ నుంచి కనీస వేతనం గంటకు 17.60 డాలర్లు. వారానికి 40 గంటలు చేస్తే నెలకు పన్నుకు ముందు సుమారు 3,050. మీ ఖర్చులో చాలా భాగం దానితో గడిచిపోతుంది, మిగిలిన నాలుగు నెలల డబ్బు ఏడాదికి పైగా సాగుతుంది. వేర్‌హౌస్‌లో పనిచేస్తున్నానని ఊళ్లో ఎలా చెప్పుకోవాలి అని కుమిలిపోయినవాళ్లను చూశాను. ఆ మొహమాటం వాళ్లకు చాలా ఖరీదైంది. సాయంత్రాలు రెజ్యూమెలు పంపుతూనే ఉండండి.

దిగగానే సిన్ నంబరు (పనికీ పన్నుకీ అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకుని, పాప కోసం చైల్డ్ బెనిఫిట్‌కు అప్లై చేయండి. ఆదాయాన్ని బట్టి ఇస్తారు. 2025 జూలై నుంచి 2026 జూన్ వరకు ఆరేళ్లలోపు బిడ్డకు గరిష్ఠంగా ఏడాదికి 7,997 డాలర్లు. చాలామంది కొత్తవాళ్లు ఉద్యోగం వచ్చాక చూద్దామని ఆగిపోతారు. ఒంటారియో ఆరోగ్య కవరేజీకి ఇప్పుడు మూడు నెలల వెయిటింగ్ లేదు కానీ, పెద్దవాళ్ల పళ్లు, కళ్లజోళ్లు, మందులు అందులో మామూలుగా రావు. ముగ్గురూ పళ్లు ఇక్కడే చూపించుకోండి.

సోమవారం ఆఫీసుకు వెళ్లగానే ముందు ఇన్సూరెన్స్ గురించి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. నాన్నగారి షుగర్ రిపోర్టులు ఒక ఫైల్‌లో పెట్టుకోండి. చిట్టీ పాట ఈ నెల ఎప్పుడో కనుక్కోండి. ఈ మూడు పనులు అయ్యాకే టికెట్లు బుక్ చేయండి.