చెన్నైలో నీటి ఒడ్డున ఏం కట్టాలి అంటే, ముందు ఒక రేవు కట్టండి

"చెన్నైలో నది ఒడ్లు, చెరువు గట్లు, బీచ్ అన్నీ బాగుచేస్తున్నారు కదా, జనం కోసం అక్కడ ఇంకేం పెడితే బాగుంటుంది? మ్యూజియమా, ఓపెన్ ఎయిర్ థియేటరా, ఫుడ్ కోర్టా?" అని ఒకరు అడిగారు. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. నా సమాధానం రేవు. నీళ్ల దాకా దిగే నాలుగు మెట్లు. అవి ఉంటే మిగతావన్నీ జనమే తెచ్చుకుంటారు. అవి లేకపోతే ఎన్ని కోట్లు పోసినా దూరం నుంచి నీళ్లు చూసి వచ్చే పార్కే మిగులుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో తెలియాలంటే మా అత్తయ్యగారి పోలి స్వర్గం సంగతి చెప్పాలి.

ఆవిడది రాజమండ్రి. కోటిలింగాల రేవుకు నడిచి వెళ్లేంత దూరంలో పుట్టి పెరిగారు. మావయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. మొదటి ఏడు కార్తీకమంతా బాల్కనీలో తులసి కోట దగ్గర దీపం పెట్టుకుని సరిపెట్టుకున్నారు. కానీ అమావాస్య వెళ్లిన మర్నాడు, పాడ్యమి తెల్లవారుజామున, దీపం నీళ్లలో వదలాల్సిందే అన్నారు. టబ్బులో వదులుదామా అంటే, "టబ్బులో దీపం ఎక్కడికి పోతుందమ్మాయ్?" అన్నారు. పోలి కథలో అత్తగారు చిన్నకోడలు పోలిని ఇంట్లో వదిలేసి మిగతా కోడళ్లతో నదికి వెళ్తుంది. పోలి చెట్టు కింద రాలిన పత్తితో, కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టుకుంటుంది. మా అత్తయ్యగారు మాత్రం నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు.

ముందు రోజు సాయంత్రమే అరటి దొప్పలు తెచ్చి, ఈనె పుల్లలు గుచ్చి మూడు చిన్న పడవల్లా చేశారు. ముప్ఫై ఒత్తులు నేతిలో నానబెట్టారు. నాలుగున్నరకల్లా మా కాలనీకి దగ్గర్లో కొత్తగా బాగుచేసిన ఒక చెరువు దగ్గరికి వెళ్లాం. గేటు తీసేది ఐదింటికి. చీకట్లో పేవ్‌మెంట్ మీదే నిలబడ్డాం. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, కూర్చోవడానికి బయట బల్ల లేదు. బల్లలన్నీ లోపలే.

గేటు తీశాక లోపల ట్రాక్ చక్కగా ఉంది. రంగురంగుల లైట్లున్నాయి. చెరువు చుట్టూ నడుం ఎత్తు స్టీలు రెయిలింగ్. ఎక్కడైనా సందు ఉంటుందేమోనని చెరువంతా చుట్టి వచ్చాం. లేదు. గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది. దిగరాదు, ఈదరాదు, చేపలు పట్టరాదు, బట్టలు ఉతకరాదు, పశువులను తేరాదు, పూజా సామగ్రి వేయరాదు. నేను తమిళంలో ఒక్కొక్కటీ చదివి చెబుతుంటే ఆవిడ అన్నారు, "మరి చెరువు దేనికమ్మాయ్?" సెక్యూరిటీ అతను దొప్పలు చూసి విజిల్ వేశాడు. అతన్ని తప్పుపట్టను, అతని పని అది. నిప్పు వెలిగించకూడదని, పై నుంచి ఆర్డర్ అని చెప్పాడు. అతని గొంతులో మొహమాటం నాకు తెలిసింది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన పార్కుల్లో చాలావాటిని ఏళ్ల తరబడి మిట్టమధ్యాహ్నం మూసేసేవారు. నీడ కావాల్సింది అప్పుడే. ఆడవాళ్ల టాయిలెట్‌కు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లను తీసుకుని వెళ్లేవాళ్లకు ఇది ఎంత టెన్షనో ప్లాన్లు గీసేవాళ్లు ఒక్కసారి వాళ్ల అమ్మల్ని తీసుకెళ్లి చూడాలి.

అక్కడి నుంచి ఆటోలో బెసెంట్ నగర్ వెళ్లాం. ఎలియట్స్ బీచ్‌లో జనం నడిచే వైపు కాకుండా ఉత్తరంగా ఉన్న ఊరూర్ కుప్పం అనే జాలరిపేట వైపు తీసుకెళ్లాను. అప్పటికి తూర్పున కొంచెం తెలుపు వచ్చింది. ఫైబర్ పడవలు వరసగా, పక్కన నీలం వలల కుప్పలు, పట్టా మీద ఆరబోసిన నెత్తళ్లు. అత్తయ్యగారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వాటి మధ్యలోంచి నడిచారు. వానాకాలం సముద్రం, అలలు పెద్దవి. మొదటి దొప్ప వదిలాం, అల తిప్పి కాళ్ల దగ్గర పడేసింది. రెండోదీ అంతే. దీపం ఆరిపోయి ఒత్తుల నిండా ఇసుక. ఆవిడ ఏమీ అనలేదు గానీ ముఖం చిన్నబోయింది.

పడవ సర్దుకుంటున్న ఒకాయన చూస్తూ ఉన్నాడు. దగ్గరికి వచ్చి "అలై తిరుప్పి తళ్ళిడుం మా" అన్నాడు, అల వెనక్కి నెట్టేస్తుందని. మూడోది తనకిమ్మన్నాడు. గాలికి ఆరిపోకుండా చేపల ఐస్ పెట్టె ఖాళీ చేసి, అందులో దొప్ప పెట్టమన్నాడు. పడవ చాటున అత్తయ్యగారు దీపం వెలిగించారు. నలుగురు భుజాలు పెట్టి పడవను నీళ్లలోకి తోశారు. అలలు విరిగే చోటు దాటాక మోటారు ఆపి, అతను వంగి రెండు చేతులతో దొప్పను నీళ్ల మీద పెట్టడం ఒడ్డు నుంచి కనిపించింది. చిన్న చుక్క. రెండు మూడు సార్లు పైకి లేచి కిందికి దిగింది. అత్తయ్యగారు కనిపించినంతసేపూ చేతులు జోడించే ఉన్నారు. తిరిగి వస్తుంటే ఒకామె గంపలో చందువలు చూపించింది. ధర అడిగి, "ఇవాళ పాడ్యమి, రేపొస్తామని చెప్పు" అన్నారు నాతో. మర్నాడు నిజంగానే వెళ్లాం.

ఆ ఇసుకకు ఆర్కిటెక్ట్ లేడు. వలలు బాగుచేసేది, చేపల వేలం వేసేది, పిల్లలు క్రికెట్ ఆడేది అక్కడే. అదే కుప్పంలో 2015లో కర్ణాటక సంగీతం, భరతనాట్యం, పఱై అనే డప్పు వాద్యం కలిపి ఊరూర్ ఆల్కాట్ కుప్పం విళా అనే ఉత్సవం మొదలుపెట్టారు. గాయకుడు టి.ఎం. కృష్ణ, ఇంకొందరు కలిసి చేసిన పని. సంగీత సభల్లో పాడేవాళ్లు ఇసుకలో పాడారు. ఆ పాటకు ముందు ఏ ఆడిటోరియమూ కట్టలేదు, ఒడ్డు తెరిచి ఉంది కాబట్టి జరిగింది.

మెరీనా కూడా అలాంటిదే. హార్బర్ గోడలు కట్టాక దక్షిణాన ఇసుక మేట వేసి పెరిగిన బీచ్ అది. 1884లో గవర్నర్ గ్రాంట్ డఫ్ నడక బాట వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. కానీ దాన్ని మెరీనా చేసింది జనం. మన దేశంలో మొదటి మే డే 1923లో కార్మిక నాయకుడు సింగారవేలర్ జరిపింది ఈ సముద్రం ఒడ్డునే. 2017 జనవరిలో జల్లికట్టు కోసం లక్షల మంది కూర్చున్నదీ ఇక్కడే. ఆ తర్వాత అక్కడ సభలకు, నిరసనలకు పర్మిషన్ ఇవ్వడం లేదు. నలుగురు ముఖ్యమంత్రుల సమాధులకు చోటు దొరికింది, మామూలు మనుషులు సభ పెట్టుకుని మాట్లాడుకోవడానికి దొరకడం లేదు. ఇది నాకు బాధగా ఉంటుంది.

జాలరుల సంగతైతే ఇంకా పాతది. 1985లో మెరీనాను అందంగా చేస్తామని పడవలు, వలలు తీయించబోతే అది పోలీసు కాల్పుల దాకా పోయింది. 2023 ఏప్రిల్‌లో మెరీనా లూప్ రోడ్డు పక్కన చేపల దుకాణాలు ట్రాఫిక్‌కు అడ్డమని జేసీబీలు తెచ్చి తీసేశారు. 2024లో నొచ్చికుప్పంలో 366 దుకాణాలతో కొత్త మార్కెట్ కట్టారు. మంచిదే, అమ్మే ఆడవాళ్లకు ఎండా వానా తప్పింది. కానీ అసలు ఆ రోడ్డే కుప్పాల మధ్యలోంచి పోతోంది. పడవకు, వలకు, ఎండబెట్టే చేపకు కావాల్సింది ఇసుక. దాని ముందు కారుకు దారి ఎలా ఎక్కువైందో నాకు అర్థం కాదు.

ఈ ఊళ్లో మన తెలుగువాళ్లకూ నీళ్లకూ ఉన్న సంబంధం చాలామంది మర్చిపోయారు. చింతాద్రిపేట 1730లలో నేతగాళ్ల కోసం కూవం నది ఒంపులో, సుంకు రామ అనే వర్తకుడి తోట స్థలంలో కట్టిన పేట. బకింగ్‌హాం కాలువ కాకినాడ నుంచి ఈ ఊరి మీదుగా మరక్కాణం దాకా పోయేది. నెల్లూరు వైపు నుంచి బియ్యం, కట్టెలు పడవల్లో వచ్చేవి. రోజూ నేనెక్కే రైలు స్తంభాలు ఆ కాలువలోనే దిగి ఉన్నాయి. స్టేషన్ మెట్ల మీద నుంచి చూస్తే కింద నల్లటి నీళ్లు. ఒక్క పాత పడవ రేవునైనా బాగుచేసి, దాని కథ రాసి పెడితే ఏ మ్యూజియం కన్నా అది మేలు.

అహ్మదాబాద్‌లో బాగుచేసిన సబర్మతి నది ఒడ్డు లాగా కావాలని కొందరు అంటారు. నేను చూశాను. శుభ్రంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడ నిండుగా కనబడే నీళ్లు నర్మద కాలువవి. నాకు అక్కడ నచ్చింది ఒక్కటే, పాత ఆదివారం సంతకు మళ్లీ ఒడ్డునే చోటివ్వడం.

రేవులు పెడితే చెత్త వేస్తారు, జనం మునిగిపోతారు అంటారు. వినాయక నిమజ్జనం రోజున పట్టినపాక్కంలో క్రేన్లు పెడతారు, పోలీసులు ఉంటారు, మర్నాడు చెత్త ఎత్తేస్తారు. ఏడాదికోసారి చేయగలిగినప్పుడు మెట్లకు ఒక గొలుసు, ఒక ఈతగాడు, ఒక చెత్తబుట్ట రోజూ పెట్టలేరా? 2022లో మెరీనాలో వికలాంగుల కోసం సముద్రం దగ్గరి దాకా చెక్క బాట వేశారు. రెండు వారాలు తిరక్కముందే మాండూస్ తుపాను దెబ్బతీసింది, అయినా మళ్లీ బాగుచేశారు. అత్తయ్యగారు చెయ్యి పట్టుకునే పని లేకుండా సముద్రం దగ్గరికి వెళ్లగలిగింది దాని మీదే. ఆ రోజు నేను ఆ బాట వేసినవాళ్లకు మనసులో దండం పెట్టుకున్నాను.

మీ ఏరియాలో ఏదైనా చెరువు ప్లాన్ మీద అభిప్రాయాలు అడిగితే వెళ్లండి. మెట్లు నీళ్ల దాకా దిగుతాయా అని అడగండి. మా చెరువు గురించి నేను రాసిచ్చాను, రెయిలింగ్‌కు ఒక్క చోట గేటు పెట్టి పది మెట్లు దింపమని. ఇంకా జవాబు రాలేదు. అందాకా పాడ్యమి తెల్లవారుజామున మేము కుప్పానికే వెళ్తాం. ఆ పడవాయన మా కోసం ఐస్ పెట్టె ముందే కడిగి పెట్టి ఉంచుతున్నాడు.