తూటా తొడుగుకు ఇత్తడే ఎందుకు? మెటలర్జీ విద్యార్థికి జవాబు

ప్రశ్న: మెటలర్జీ మూడో ఏడాది చదువుతున్నాను. తూటా తొడుగులకు (మందును, బుల్లెట్‌ను కలిపి పట్టి ఉంచే లోహపు గొట్టాలకు) సైన్యాలు ఒకచోట ఇత్తడి, మరోచోట ఉక్కు, ఇంకోచోట అల్యూమినియం ఎందుకు వాడతాయని ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో అడిగారు. ‘ధర’ అని ఊరుకున్నాను. ఈ రంగంలోకి వెళ్లాలంటే ఏం నేర్చుకోవాలి?

జవాబు: ధర తప్పు కాదు, కానీ అది సగం జవాబే. ఏ లోహం ఎక్కడ దెబ్బతింటుందో మీకు తెలుసా అన్నదే ఆ ప్రశ్నలోని అసలు పరీక్ష.

తూటా పేలగానే తొడుగు ఉబ్బి ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడకు అంటుకోవాలి, లేకపోతే వాయువు వెనక్కి తన్నుతుంది. మరుక్షణమే కుంచించుకుని గోడను వదలాలి. ఎంత కుంచించుకుంటుందో చూడాలంటే యీల్డ్ స్ట్రెంగ్త్‌ను (లోహం శాశ్వతంగా వంగిపోవడం మొదలయ్యే ఒత్తిడి) యంగ్స్ మాడ్యులస్‌తో (సాగకుండా నిలిచే బిగువు) భాగించండి. ఇత్తడి మాడ్యులస్ సుమారు 110 గిగాపాస్కల్స్, ఉక్కుది 200. బలం సమానమైనా ఉక్కు వెనక్కి వచ్చేది దాదాపు సగమే, అందుకే ఛాంబర్‌లో పట్టేస్తుంది. పైగా తుప్పు. దానికి లాకర్ (వార్నిష్ లాంటి) పూత వేయాలి. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి కొరతతో జర్మనీ ఉక్కు తొడుగుల వైపు మళ్లింది.

అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు, ఇత్తడిది 8.5. ఏ-10 యుద్ధ విమానం 30 మి.మీ. ఫిరంగి గుండ్లకు అల్యూమినియం తొడుగులు వాడటానికి కారణం ఈ తేలికే. కానీ తొడుగు కాస్త చీలినా వేడి వాయువు ఆ సందులో దూసుకెళ్లి లోహాన్ని కరిగించి తినేస్తుంది.

ఇక ఇత్తడి: 70 శాతం రాగి, 30 శాతం జింకు. బిళ్ల కోసి, గిన్నెలా నొక్కి, విడతలుగా లాగుతారు. లాగిన ప్రతిసారీ గట్టిపడుతుంది కాబట్టి మధ్యలో ఎనీలింగ్ (వేడి చేసి మెత్తబరచడం) తప్పదు. చివరకు అడుగు గట్టిగా, మూతి మెత్తగా ఉండాలి. సైనిక తూటాల మూతి దగ్గర కనిపించే నీలి ఛాయ ఆ ఆఖరి ఎనీలింగ్ గుర్తే.

నిల్వలో ఇత్తడికి శత్రువు అమోనియా. బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో వానాకాలం గుర్రపుశాలల్లో ఉంచిన తూటాలు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తేమ, లాగినప్పుడు లోపల మిగిలిపోయిన ఒత్తిడి కలిసిన ఫలితమది. దీన్నే సీజన్ క్రాకింగ్ అంటారు. 1921లో దీనికి వివరణ దొరికింది. గట్టిదనం పోకుండా తక్కువ వేడిలో ఆ ఒత్తిడి దించడం ఒక మందు. రబ్బరు గాస్కెట్ ఉన్న ఉక్కు పెట్టెలో తేమ చొరకుండా దాచడం ఇంకో మందు. గాస్కెట్ చిట్లిందంటే పెట్టె ఉన్నా లేనట్టే.

కోర్సులో ఫిజికల్ మెటలర్జీ, షీట్ మెటల్ ఫార్మింగ్, కరోజన్ గట్టిగా చదవండి. మిగతావి ఉద్యోగంలో అబ్బుతాయి. ప్రాజెక్టుకు మాత్రం ఇది చేయండి: 70/30 ఇత్తడి రేకుతో రెండు గిన్నెలు డీప్ డ్రా చేసి (అచ్చులోకి లోతుగా లాగి), ఒకదాన్ని 250-300 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచండి. రెండింటినీ ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగే ల్యాబ్ గూడులో), అధ్యాపకుల సమక్షంలో, అమోనియా ఆవిరికి పెట్టండి. వేడి చేయని గిన్నె అంచు దగ్గర నిలువు పగుళ్ల కోసం చూడండి. అవి గ్రెయిన్ బౌండరీల (లోహపు స్ఫటికాల మధ్య హద్దుల) వెంట సాగాయా లేదా అన్నది మైక్రోస్కోపులో ఫొటో తీసి, అడుగు నుంచి అంచు దాకా ప్రతి 2 మి.మీ.కి వికర్స్ హార్డ్‌నెస్ (గట్టిదనం కొలత) గ్రాఫ్ జతచేయండి. వచ్చే ఇంటర్వ్యూకు ఆ రెండు కాగితాలూ వెంట తీసుకెళ్లండి.