‘ఏటి’ అన్న ఒక్క మాటకి క్లాసంతా నవ్వితే

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మావారికి బదిలీ కావడంతో జూన్‌లో హైదరాబాద్ వచ్చాం. మా అబ్బాయి ఏడో తరగతి. ఊళ్లో ఉన్నప్పుడు గలగలా మాట్లాడేవాడు, ఇప్పుడు అడిగినదానికి తలూపడం తప్ప నోరు విప్పడం లేదు. బడి నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా బాత్రూంలోకి పరుగెడతాడు. పొద్దున నింపిన నీళ్ల సీసా నింపినట్టే తిరిగి వస్తోంది. సోమవారం వస్తే కడుపునొప్పి అంటాడు; డాక్టరుగారు పరీక్షలు చేయించి ఏమీ లేదన్నారు. అమ్మమ్మ ఫోన్ చేస్తే లేచి వేరే గదిలోకి వెళ్లిపోతున్నాడు. వాడి క్లాసులోనే చదివే మా అపార్ట్‌మెంట్ అమ్మాయి చెబితే అసలు సంగతి తెలిసింది. ఒకరోజు టీచర్ ఏదో అడిగితే వీడు ‘నాకేటి తెల్దండి’ అన్నాడట. క్లాసంతా నవ్వారట, టీచర్ కూడా నవ్వారట. ఆనాటి నుంచి వాడి పేరు ‘ఏటి’. నలుగురు అబ్బాయిలు బాత్రూం దగ్గర అడ్డంగా నిలబడి, ‘మీ ఊరి భాషలో ఒక మాట చెప్పు, అప్పుడు పంపిస్తాం’ అంటున్నారట. బస్సులో వాడి మాటలు రికార్డు చేసి పిల్లల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారట. మావారేమో ‘ఇక్కడి భాష నేర్చుకో, ఇంకోసారి అంటే తిరిగి ఒకటి పీకు’ అంటున్నారు. బడి మార్పించాలా? వెళ్లి గట్టిగా అడగాలా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆపింది ఆ నీళ్ల సీసా. మీ అబ్బాయి దాహం వేయక నీళ్లు మానలేదు. నీళ్లు తాగితే బాత్రూంకి వెళ్లాలి, వెళితే ఆ నలుగురు ఉంటారు, కాబట్టి పొద్దున బస్సెక్కింది మొదలు సాయంత్రం ఇంటికి వచ్చేదాకా బిగబట్టుకుని కూర్చుంటున్నాడు. పన్నెండేళ్ల పిల్లవాడు తన భయాన్ని ఎవరికీ చెప్పకుండా, తనకు తోచిన పద్ధతిలో ఇంతకాలంగా ఒంటరిగా నెట్టుకొస్తున్నాడు. వాడు నోటితో చెప్పకపోయినా, ఆ సీసా, ఆ పరుగు, సోమవారపు కడుపునొప్పి మీకు ప్రతిరోజూ చెబుతూనే ఉన్నాయి. ఆ నొప్పి నటన కాదని కూడా గుర్తుంచుకోండి. పరీక్షల్లో ఏమీ తేలకపోయినా, భయపడిన పిల్లల కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది. పైగా రోజంతా నీళ్లు తాగకుండా బిగబట్టుకుంటే మలబద్ధకం, మూత్ర సంబంధమైన ఇబ్బందులు కూడా రావచ్చు కాబట్టి ఈ సంగతి డాక్టరుగారికి విడిగా చెప్పండి.

మీరు బడికి వెళితే బహుశా మొదట వినబడే మాట ‘పిల్లలన్నాక ఇవన్నీ మామూలే’ అని. దానికి సిద్ధపడి వెళ్లాలి. ఆటపట్టించడానికీ ఏడిపించడానికీ మధ్య తేడా మన భాషలోనే ఉంది. ఆటలో ఇద్దరూ నవ్వుతారు, ఈ రోజు నవ్వించుకున్నవాడు రేపు ఎదుటివాణ్ణి నవ్విస్తాడు, చాలురా అంటే ఆగుతుంది. ఈ విషయాన్ని బడుల్లో శాస్త్రీయంగా పరిశీలించిన తొలితరం పరిశోధకుల్లో ఒకరైన డాన్ ఓల్వేయస్ వేధింపుకు మూడు గుర్తులు చెప్పారు: బాధపెట్టాలనే ఉద్దేశం ఉండడం, మళ్లీ మళ్లీ జరగడం, ఇద్దరి మధ్య బలం సమానంగా లేకపోవడం. ఇక్కడ నలుగురు ఒకవైపు, కొత్తగా వచ్చిన ఒక్కడు మరొకవైపు. నెలల తరబడి సాగుతోంది. బాత్రూంకి వెళ్లడానికి సుంకం చెల్లించాలి. ఇందులో ఆట ఎక్కడుంది?

ఇక మీవారి మాట. కొడుకు అవమానపడుతున్నాడని తెలిసిన తండ్రికి ఆ కోపం రావడం సహజం, దాన్ని నేను తప్పు పట్టను. అయితే ‘తిరిగి పీకు’ అన్న సలహా ఒకరితో ఒకరు సమానంగా తలపడే చోట పనిచేయవచ్చునేమో గాని, నలుగురి మధ్య పనిచేయదు. వీడు ఒకటి కొడితే నాలుగు తింటాడు, పైగా మొదట చెయ్యెత్తింది వీడే గనక ప్రిన్సిపాల్ గదిలో నిలబడేదీ వీడే. కొట్టలేకపోతే, నాన్న చెప్పినది కూడా చేతకాలేదన్న సిగ్గు ఇంకొకటి నెత్తిన పడుతుంది, ఆ తరువాత ఏం జరిగినా ఇంట్లో చెప్పడు. ఇంతకన్నా నన్ను కలవరపెట్టింది ‘ఇక్కడి భాష నేర్చుకో’ అన్న మాట. మీవారు మంచి కోరే అన్నారు, తాను ఆఫీసులో అలాగే నెగ్గుకొచ్చి ఉండవచ్చు కూడా. కాని పిల్లవాడికి అది వేరుగా వినిపిస్తుంది. వాళ్లు నవ్వడం సరైనదే, మార్చుకోవలసింది నేనే అని అర్థం చేసుకుంటాడు. అమ్మమ్మ ఫోన్ రాగానే లేచి వెళ్లిపోవడం అందువల్లనే. అమ్మమ్మ మీద ప్రేమ తగ్గలేదు. ఆవిడతో మాట్లాడితే ఆ యాస నోటికి వచ్చేస్తుందని, ఆ మాట ఎవరైనా వింటారని భయం.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ నలుగురు పిల్లలకు ఈ నవ్వు ఆకాశం నుంచి ఊడిపడలేదు. దశాబ్దాలుగా మన సినిమాల్లో ఉత్తరాంధ్ర యాస పనిమనిషికి, అమాయకుడికి, హాస్యగాడికి కేటాయించారు. తెలంగాణ యాసకూ అదే గతి పట్టించారు. ఈ రోజు ‘ఏటి’ అని నవ్వుతున్న పిల్లల్లో కొందరి తాతలు ఒకప్పుడు తమ మాట తీరుకే కాలేజీల్లో నవ్వులపాలై ఉంటారు. బడిలో మాట్లాడేటప్పుడు ఈ సంగతి మీకు పనికివస్తుంది.

ముందుగా మీ అబ్బాయి నోటి నుంచి వినాలి. ఎదురుగా కూర్చోబెట్టి ‘ఎవరేమన్నారు, నిజం చెప్పు’ అని అడిగితే తలూపుతాడు, అంతే. బండి మీద వెనక కూర్చున్నప్పుడో, మీరు చిక్కుడుకాయలు ఒలుస్తూ వాడికీ కాసిని ఇచ్చినప్పుడో, కళ్లల్లోకి చూడవలసిన అవసరం లేని వేళ చూసి, చిన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. ‘అన్నం తినేటప్పుడు నీ పక్కన ఎవరు కూర్చుంటారు?’ ‘బస్సులో ఏ సీటు?’ జవాబు రాకపోతే వదిలేయండి, రెండు రోజులాగి మళ్లీ అడగండి. అపార్ట్‌మెంట్ అమ్మాయి పేరు మాత్రం బయటపెట్టవద్దు. ఆ పిల్ల కూడా అదే క్లాసుకు వెళ్లాలి.

వాడు చెప్పడం మొదలుపెట్టినప్పుడు వాడి చూపు మీ ముఖం మీదే ఉంటుంది. మీరు ఏడ్చినా, వెంటనే ఫోన్ అందుకున్నా, ‘ముందు నువ్వేమన్నావు?’ అని అడిగినా మాట అక్కడే ఆగిపోతుంది. ‘చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పేమీ లేదు. ఏం చేయాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం, నీకు తెలియకుండా ఏదీ చేయను’ అంటే చాలు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయమంటాడు. వేయకండి. బడిలో ఎవరో ఒక పెద్దవారికి చెప్పక తప్పదు; ఎవరికి చెబితే నీకు నయం అని వాణ్ణే అడగండి. మీకు తట్టని పేరు, పీఈటీ సారో, లైబ్రరీ మేడమో, వాడే చెప్పవచ్చు.

తరువాత ఒక నోటు పుస్తకం తీసి, వాడు చెప్పిన ప్రతి సంఘటననూ తేదీ, చోటు, అక్కడ ఎవరున్నారు, ఏమన్నారు అనే వివరాలతో వాడి మాటల్లోనే రాయండి. వాట్సాప్‌లోని రికార్డింగును, దాని కింద వచ్చిన వ్యాఖ్యలను, పంపినవారి పేరూ సమయమూ కనబడేటట్టు స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. కోపంతో గ్రూపులో జవాబు పెట్టడం గాని, ఆ అబ్బాయిల తల్లిదండ్రులకు నేరుగా ఫోన్ చేయడం గాని చేయవద్దు. ‘మా వాడు అలాంటివాడు కాదండీ’ అన్న మాట దగ్గర మొదలై, చివరికి అది రెండు ఇళ్ల తగాదాగా మారుతుంది, మర్నాడు బస్సులో దాని ఫలితం మీ వాడే అనుభవిస్తాడు.

బడికి భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి, విషయాన్ని కాగితం మీద రాసి తీసుకెళ్లి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. ముందు క్లాస్ టీచరుతో మాట్లాడటం మర్యాద. ఆ రోజు నవ్విన టీచర్ ఆవిడే అయితే, నిందించినట్టు కాకుండా జరిగినది జరిగినట్టు చెప్పండి: ‘మేడమ్, ఆ రోజు మీరు నవ్వింది మీకు గుర్తుండకపోవచ్చు, కాని దాన్ని పిల్లలు అనుమతిగా తీసుకున్నారు.’ చాలామంది టీచర్లు ఈ మాట విని నిజంగానే నొచ్చుకుంటారు, నొచ్చుకున్నవారే ఎక్కువ సాయం చేస్తారు. ఆ నలుగురికీ ఏ శిక్ష వేస్తారని అడగడం కన్నా, భోజన విరామంలో బాత్రూంల దగ్గర ఎవరు నిలబడతారు, బస్సులో మా వాణ్ణి అటెండరు దగ్గరి సీటులో కూర్చోబెడతారా, ఆ రికార్డింగు గ్రూపు నుంచి ఎప్పటిలోగా తీయిస్తారు, రెండు వారాల తరువాత ఏ రోజు మళ్లీ కలుద్దాం అని అడగండి. అందరినీ ఒక గదిలో ఎదురెదురుగా నిలబెట్టి ‘సారీ చెప్పు, చేతులు కలుపు’ అనే రాజీ మాత్రం వద్దనండి. సమానులు గొడవపడినప్పుడు అది పనికొస్తుంది గాని, ఇక్కడ వీడు భయంతో చెయ్యి కలుపుతాడు, వాళ్లు గుమ్మం దాటగానే నవ్వుతారు. ఎవరితో మాట్లాడవలసి ఉన్నా విడివిడిగా మాట్లాడాలి. ఆ నలుగురూ పిల్లలేనని, వాళ్లకూ మందలింపుతోపాటు ఎవరో ఒకరి ఆసరా కావాలని మీరే అంటే మీ మాటకు బరువు పెరుగుతుంది.

యాజమాన్యం తేలికగా తీసుకుంటే కొన్ని సంగతులు గుర్తుచేయవచ్చు. సీబీఎస్ఈ తన బడుల్లో వేధింపులను అరికట్టే కమిటీలు ఉండాలని 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించుకోవాలని, వేధింపుల గురించి ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలని చెప్పింది. ఇవి బెదిరింపుకు కాదు. మీరు అడుగుతున్నది ప్రత్యేకమైన దయ కాదని వాళ్లకు తెలియడానికి. అలాగే ప్రతి ఏటా ఆగస్టు 29న బడుల్లో జరిపే తెలుగు భాషా దినోత్సవం, జనం మాట్లాడే తెలుగుకు పుస్తకాల్లో చోటు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజు. ఆయన 1863లో శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు. తెలుగు మాస్టారికి చెప్పి, ఎవరి ఇంట్లో ఏ మాట వాడతారో క్లాసులో అందరి చేతా చెప్పించమనండి. మీ వాణ్ణి లేపి నిలబెట్టకుండా చేయాలి సుమా!

మీ అబ్బాయికి నేర్పగలిగినది కొంచెమే, ఆ కొంచెం కూడా అవసరమే. ‘అవును, మా ఊళ్లో ఇలాగే అంటాం’ అని మామూలు గొంతుతో ఒక్కసారి అని, పెద్దవాళ్లున్న వైపు నడిచిపోవడం ఇంట్లో సాధన చేయించండి. వాడు ఏడిపించేవాడుగా, మీరు వాడుగా ఆడండి. వాళ్లు ఎలా నిలబడతారో, ఏ గొంతుతో అంటారో అప్పుడే మీకు తెలుస్తుంది. బాత్రూంకి తోడు వెళ్లడానికి ఒక్క స్నేహితుడు దొరికితే సగం భారం దిగుతుంది. నిజానికి క్లాసులో ఎక్కువమంది ఆ నలుగురి పక్షమూ కాదు, మీ వాడి పక్షమూ కాదు, ఊరికే నవ్వేవాళ్లు. వాళ్లలో ఒకరిద్దరిని ఆదివారం ఇంటికి పిలవండి. మీకు సంగతి చెప్పిన ఆ అమ్మాయి అప్పుడే ఒక అడుగు ముందుకు వేసింది.

బడి మార్చడం గురించి అడిగారు. ఇప్పుడే వద్దు. ఆ యాస కొత్త బడికీ వెంట వస్తుంది, పారిపోయి వచ్చానన్న భావన కూడా వస్తుంది. రెండుసార్లు రాసి ఇచ్చినా బడి కదలకపోతే అప్పుడు మార్చండి, అదీ వాడితో మాట్లాడి. అయితే ఒక మినహాయింపు ఉంది. చచ్చిపోతే బాగుండునని అన్నా, ఒంటి మీద గాయాలు చేసుకున్నా, నిద్రా తిండీ పూర్తిగా మానేసినా ఈ వరస దేనికీ ఆగవద్దు. వాణ్ణి ఒంటరిగా వదలకుండా వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఏ వేళనైనా ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, పిల్లల సహాయానికి 1098 ఉంది.

చివరగా అమ్మమ్మ ఫోన్ సంగతి. వచ్చి మాట్లాడమని వాణ్ణి బలవంతం చేయకండి. ఈ ఆదివారం మీరే హాల్లో కూర్చుని, స్పీకర్ పెట్టి, తలుపులు తీసే ఉంచి, మీ అమ్మగారితో మీ ఊరి మాటల్లోనే కబుర్లు చెప్పండి. మీవారిని కూడా మధ్యలో రెండు మాటలు కలపమనండి. వాడు పక్క గదిలో ఉన్నా అన్నీ వింటూనే ఉంటాడు. బడివాళ్లతో మాట్లాడిన తరువాత ఏం జరిగిందో నాకు మళ్లీ రాయండి.