స్టోన్‌వాల్‌లో జనం తిరగబడటం నేరమా? ఆ పరిస్థితి ఈరోజు నాకొస్తే?

ప్రశ్న: లాయర్ గారూ, నాది కరీంనగర్. జెర్సీ సిటీలో ఎంఎస్ చేస్తున్నాను. నేను గే అని ఇక్కడ రూమ్‌మేట్‌కి తప్ప ఎవరికీ తెలియదు. మొన్న రైలెక్కి న్యూయార్క్ క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగి స్టోన్‌వాల్ అనే గే బార్ చూసొచ్చాను. 1969లో పోలీసులు రైడ్ చేస్తే జనం సీసాలు, రాళ్లు విసిరారట. ఇప్పుడు ఆ చోటు జాతీయ స్మారకం. మన దగ్గర పోలీసు మీద చెయ్యెత్తితే కేసే కదా, అక్కడ అది ఒప్పెలా అయింది? అలాంటి బార్‌లో నేనున్నప్పుడు పోలీసులొస్తే ఏం చేయాలి? ఉన్నది స్టూడెంట్ వీసా మీద. ఇంట్లో తెలుస్తుందేమోనని ఇంకో టెన్షన్.

జవాబు: ఆ రాత్రి జనం చేసింది చట్టప్రకారం ఒప్పని ఏ కోర్టూ చెప్పలేదు. తప్పు ఒప్పుకున్నది పోలీసు శాఖ. 2019 జూన్ 6న న్యూయార్క్ పోలీస్ కమిషనర్ జేమ్స్ ఓనీల్ ఆనాటి పోలీసుల చర్య తప్పని, అప్పటి చట్టాలు వివక్షతో నిండినవని చెప్పి క్షమాపణ కోరారు. ఆ ఒక్క మాట రావడానికి యాభై ఏళ్లు పట్టింది.

మీకు వింతగా అనిపించవచ్చు గానీ, కాగితం మీద ఆ రైడ్ సక్రమమే. పోలీసుల దగ్గర వారంట్ ఉంది. లైసెన్సు లేకుండా మందు అమ్ముతున్నారన్నది ఆరోపణ, అదీ నిజమే. అసలు లైసెన్సు ఎందుకు లేదన్నదే ప్రశ్న. ఆ రోజుల్లో గే కస్టమర్లు చేరే బార్‌ని అధికారులు 'క్రమశిక్షణ లేని చోటు' కింద లెక్కగట్టి లైసెన్సు ఇచ్చేవాళ్లు కాదు, ఉన్నా రద్దు చేసేవాళ్లు. అందుకని ఆ వ్యాపారం మాఫియా చేతికి పోయింది. స్టోన్‌వాల్ నడిపిందీ వాళ్లే. సభ్యులు తమ సీసాలు తామే తెచ్చుకునే ప్రైవేటు క్లబ్ అని చూపించడానికి సీసాల మీద పేర్లు రాసి పెట్టేవాళ్లు. కౌంటర్ వెనక కుళాయి కూడా లేదు. తాగిన గ్లాసుల్ని తొట్టిలో నీళ్లలో ముంచి తీసి మళ్లీ వాటిలోనే పోసేవాళ్లు. పోలీసులకు మామూళ్లు అందేవి కాబట్టి రైడ్‌కి ముందే కబురొచ్చేది. పోలీసులు గుమ్మంలోకి రాగానే లోపల తెల్ల లైట్లు వెలిగేవి, డాన్స్ చేసేవాళ్లు చేతులు వదిలి పక్కకు జరిగేవాళ్లు.

1969 జూన్ 28 తెల్లవారుజామున ఒంటిగంట ఇరవైకి ముందస్తు కబురేమీ లేకుండా పోలీసులొచ్చారు. లోపల దాదాపు 200 మంది ఉన్నారు. అందరినీ వరసలో నిలబెట్టి ఐడీలు అడిగారు. ఆడవాళ్ల బట్టల్లో ఉన్నవాళ్లని బాత్రూమ్‌లోకి తీసుకెళ్లి మగో ఆడో 'తేల్చుకోవడం' అప్పటి అలవాటు. ఆ రాత్రి వాళ్లు రామన్నారు. కొందరు ఐడీ చూపించేది లేదన్నారు. బయటికి వదిలినవాళ్లు ఇళ్లకు పోకుండా రోడ్డు మీదే నిలబడ్డారు. బేడీలు వేసిన ఒకామెను పోలీసులు కారులోకి తోస్తుంటే, ఆమె జనం వైపు తిరిగి మీరేం చూస్తూ నిలబడ్డారని అరిచింది. అంతే, చిల్లర నాణేలు ఎగిరొచ్చి పోలీసుల మీద పడ్డాయి. 'ఇవిగో మీ మామూళ్లు' అని దాని అర్థం. పోలీసులు వెనక్కి తగ్గి బార్ లోపలే తలుపులు వేసుకుంటే, జనం పార్కింగ్ మీటర్‌ని పెకలించి దాంతో తలుపు కొట్టారు. మొదటి రాత్రి 13 మంది అరెస్టయ్యారు. అందులో ఒకరు డేవ్ వాన్ రాంక్ అనే జానపద గాయకుడు. ఆయన గే కాదు, పక్క వీధిలోంచి గోల విని చూద్దామని వచ్చాడు. ఆయనా దెబ్బలు తిని, పోలీసు మీద దాడి కేసులో ఇరుక్కున్నాడు. గుంపులో ఉన్నప్పుడు ఎవరి ఉద్దేశం ఏమిటో విడదీసి చూసే ఓపిక ఏ పోలీసుకీ ఉండదు. ఈ పాయింట్ మీకు ముందుముందు పనికొస్తుంది.

బట్టల చట్టం గురించి చెప్పకుండా ఉండలేను. మగవాడు ఆడబట్టలు వేసుకోకూడదని న్యూయార్క్ చట్టంలో ఎక్కడా లేదు. పోలీసులు వాడింది 1845 నాటి చట్టం వారసత్వాన్ని. అప్పట్లో హడ్సన్ లోయలో కౌలు కట్టలేని రైతులు మొహాలకు ముసుగులు, ఒంటికి ఆడవాళ్ల నూలు గౌన్లు వేసుకుని, జప్తుకి వచ్చిన అధికారుల్ని తరిమేవాళ్లు. వాళ్లని పట్టుకోవడానికి మారువేషం నేరమన్నారు. వందేళ్లు దాటాక అదే గౌను సాకుతో ట్రాన్స్ మహిళల్ని అరెస్టు చేశారు. 'కనీసం మూడు బట్టలు మీ లింగానికి తగ్గవి ఉండాలి' అనే మాట అప్పటి వాళ్లందరి నోటా ఉండేది. చట్టం పుస్తకం తెరిచి చూస్తే ఆ లెక్కే కనబడదు. ముసుగుల సెక్షన్ రద్దయింది 2020లో, అదీ కరోనా మాస్కుల పుణ్యాన.

ఇది చదివి మనవాళ్లు నయం అనుకోకండి. నిజాం కాలపు 1919 నాటి చట్టమొకటి హైదరాబాద్‌లో హిజ్రాల పేర్లకు రిజిస్టర్ పెట్టింది. ఆడబట్టల్లో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చంది. నాంపల్లి కోర్టులో జూనియర్‌గా ఉన్నప్పుడు దాన్ని మొదటిసారి చదివి, ఇది ఇంకా పుస్తకంలో ఎందుకుందని మా సీనియర్ని అడిగాను. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో.

ఇక ఎదిరించడం సంగతి. పాత ఆంగ్ల న్యాయసూత్రం ప్రకారం అక్రమ అరెస్టుని బలంతో అడ్డుకునే హక్కు ఉండేది. న్యూయార్క్ శాసనసభ 1968లో, అంటే స్టోన్‌వాల్‌కి ముందు ఏడాది, దాన్ని తీసేసింది. వచ్చింది పోలీసని తెలుస్తున్నప్పుడు, అరెస్టు సక్రమమైనా అక్రమమైనా చేత్తో ఎదిరించకూడదు. పోలీసు మితిమీరి కొడుతుంటే ప్రాణం కాపాడుకోవడం వేరు. మన భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ కూడా దాదాపు ఇదే చెబుతుంది: అధికారి సద్బుద్ధితో విధిలో ఉండి చేసిన పని కచ్చితంగా చట్టబద్ధం కాకపోయినా, చావో తీవ్ర గాయమో తప్పదన్న భయం ఉంటేనే ఆత్మరక్షణ హక్కు వస్తుంది.

ఆ జనం ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. వాళ్ల ముందు ఇంకో దారి మిగల్లేదు. కానీ అక్కడికి కూతవేటు దూరంలో, జూలియస్ అనే బార్‌లో, 1966 ఏప్రిల్ 21న ముగ్గురు నలుగురు యువకులు సూట్లు వేసుకుని వెళ్లి, 'మేం హోమోసెక్సువల్స్‌మి, మాకు డ్రింక్ ఇవ్వండి' అని అడిగారు. బార్‌టెండర్ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ఫొటో పత్రికలకెక్కింది. మీరుండే న్యూజెర్సీలో 1967లోనే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, గేలు వచ్చి కూర్చున్నంత మాత్రాన బార్‌ని శిక్షించకూడదని తీర్పిచ్చింది. ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని న్యూయార్క్ అత్యున్నత కోర్టు 1980లో చెప్పింది, దేశమంతటికీ 2003లో వర్తించింది, మన ఐపీసీ 377వ సెక్షన్ పీడ 2018లో వదిలింది. రోడ్డు మీది కోపం, కోర్టులో కాగితం రెండూ కలిస్తేనే ఇవి కదిలాయని నా నమ్మకం. మీరు పట్టుకోవాల్సింది కాగితాన్నే.

ఇప్పుడు మీ సంగతి. లైసెన్సున్న బార్‌ని పోలీసులు తనిఖీ చేయొచ్చు, అందులో అక్రమం లేదు. మీ జేబు వెతకాలంటే మాత్రం మీ మీద విడిగా అనుమానానికి కారణం ఉండాలి. బార్‌కి వారంట్ ఉంటే అందులో ఉన్న ప్రతివాడికీ ఉన్నట్టు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1979లో ఇలినాయ్ బార్ కేసులోనే తేల్చింది. ఫోన్‌లో చూడాలంటే వారంట్ కావాలి, అది 2014 తీర్పు. 'సోదాకి నేను ఒప్పుకోవడం లేదు' అని నెమ్మదిగా, పైకి వినబడేలా చెప్పండి. వినకుండా వెతికితే చేతులు అడ్డం పెట్టకండి, ఆ మాట తర్వాత కోర్టులో మీ తరఫున పనిచేస్తుంది. ఫోన్‌కి వేలిముద్ర లాక్ కాకుండా నంబర్ లాక్ పెట్టుకోండి. నేను వెళ్లొచ్చా అని అడగండి, వెళ్లమంటే వెంటనే వెళ్లిపోండి, ఏం జరుగుతుందో చూద్దామని వీధి చివర నిలబడకండి.

మీది ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా కాబట్టి, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 రికార్డు ప్రింటు ఎప్పుడూ దగ్గరుండాలి, 18 దాటిన విదేశీయులకు అది ఫెడరల్ నిబంధన. తప్పుడు పేరు చెప్పొద్దు, పౌరుణ్నని అసలే చెప్పొద్దు. అరెస్టయితే లాయర్ కావాలన్న ఒక్క మాట తప్ప ఇంకేం మాట్లాడకండి. చిన్న కేసే కదా, ఒప్పేసుకుంటే రేపే వదిలేస్తారని ఎవరైనా అంటే సంతకం పెట్టకండి. నేరం ఒప్పుకోవడం వీసాకి ఏం చేస్తుందో లాయర్ మీకు ముందే చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు అంది. వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అనే ప్రశ్న ఉంటుంది. కేసు కొట్టేసినా అక్కడ అవుననే రాయాలి.

ఇంట్లో తెలియడం గురించి. ఆ రోజుల్లో రైడ్‌లో దొరికినవాళ్ల పేర్లు పత్రికల్లో వేసేవాళ్లు, ఉద్యోగాలు పోయేవి. ఇప్పుడు మీరు మేజర్, పోలీసులు కరీంనగర్‌కి ఫోన్ చేయరు. భారత కాన్సులేట్‌కి చెప్పమంటారా అని అడుగుతారు, మీరు వద్దంటే చెప్పరు. కోర్టు రికార్డు మాత్రం బయటివాళ్లు చూసే వీలుండొచ్చు, ఆ సంగతి దాచను. అరెస్టయితే ఆ రాత్రి ఫోన్ మీ చేతిలో ఉండదు, కాబట్టి రూమ్‌మేట్ నంబరు, ఒక లాయర్ నంబరు ఈరోజే నోటికి నేర్చుకోండి.