మిగిలిన ముక్కలే మీ సాక్ష్యం

ప్రశ్న: మాది విజయనగరం. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టి, టెక్కలి వెళ్లి 1,200 చదరపు అడుగుల నీలి గ్రానైట్ రూ.2.16 లక్షలకు కొన్నాం. ఇప్పుడు హాలంతా తుప్పు మరకలు. చుట్టాల ముందు తలెత్తుకోలేకపోతున్నాం. వ్యాపారి మాత్రం మేస్త్రి పనితనం అంటున్నాడు. కొని 21 నెలలైంది. రాళ్లు పీకించి అతని షాపు ముందు పోసి, చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: చుట్టాల సంగతి అలా ఉంచండి. మరక రాతిదా, పనిదా? మీ కేసు తేలేది అక్కడే.

రాతిలో ఇనుప ఖనిజాలుంటే తడి తగిలి తుప్పు పైకి తేలుతుంది. సిమెంటు మచ్చలు పోవాలని మేస్త్రి యాసిడ్ పోసి కడిగినా అలాంటి మరకలే రావచ్చు. అవతలి లాయరు మొదట అడిగేది ఇదే. యాసిడ్ వాడి ఉంటే మీ లాయరు దగ్గర దాచకండి. పరచగా మిగిలిన ముక్కలు పెరట్లో ఉన్నాయా? సిమెంటు, యాసిడ్ తగలని ఆ ముక్కల మీదా మరకలుంటే వ్యాపారి మాట నిలవదు. వాటిని కడగొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషనే నమూనాకు సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. ఫీజు మీరు కట్టాలి, నివేదికకు గడువు 45 రోజులు.

రాళ్లు పీకించారో, కేసు పోయినట్టే. లోపం రాతిదని తేలితే ధర వాపసైనా, నష్టపరిహారమైనా కమిషన్‌నే అడగాలి. చీటింగ్‌కు అమ్మిననాడే మోసపు ఉద్దేశం ఉందని చూపాలి. ఆ ఆధారం మీ దగ్గర లేదు.

మీరు పంపిన బిల్లులో ‘గ్రానైట్’ అనే ఒక్క మాట తప్ప రకం లేదు, మందం లేదు. రెండు లక్షలు పోసి బిల్లు చదవకపోవడం ఏం జాగ్రత్తండీ! అతను వాట్సాప్‌లో రకం పేరుతో పంపిన ఫొటోలుంటే ఫోన్ మార్చకండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి.

కమిషన్‌లో కేసు వేయడానికి గడువు రెండేళ్లు. మరక కనిపించిన రోజు నుంచని వాదించవచ్చు గానీ, బిల్లు తేదీ నుంచే లెక్కేసుకోండి. నోటీసు ఇస్తే గడువు ఆగదు. 15 రోజుల నోటీసిచ్చి, జవాబు వచ్చినా రాకున్నా ఈ నెలాఖరుకు విజయనగరం జిల్లా కమిషన్‌లో వేయండి. మీరుండే చోటే వేయొచ్చు, టెక్కలి తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. రాళ్ల ధరతో పాటు పీకి మళ్లీ పరిచే కూలికి మేస్త్రి చేత అంచనా రాయించి జతచేయండి.